కొమ్ముల పిల్ల తిరుగుప్రయాణం

ఫోన్‌లో ఆట ఆడుతుంటే అందులో బొమ్మ గోడలో ఇరుక్కుపోయిందనో, గెంతితే గాల్లోనే ఉండిపోయిందనో మీరు ఫోన్ మంచం మీదకి విసిరేసి తిట్టుకుంటారు చూడండి, ఆ తిట్లు మీ నోటిదాకా రాకుండా చూడటానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని నేను. టెస్టర్ అంటారు. మీలో చాలామంది ఐటీ చదివి ఈ దేశం వచ్చినవాళ్ళే కాబట్టి, ఆ మాట వినగానే మొహం ఎలా పెడతారో నాకు తెలుసు. కోడింగ్ రానివాళ్ళు చేసే పని, అంతేగా? హైదరాబాదులో బ్యాంకు సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసినన్నాళ్ళూ ఆ మాట విని విని విసిగిపోయాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను, ఒకరికి జడవక్కర్లేదు. మీ కోడింగ్ గొప్పదే తల్లీ, కాదనను. అది పనిచేస్తోందో లేదో చెప్పడానికి నాలాంటి నసమనిషి ఒకరు ఉండాలి.

మావారి ఉద్యోగం వెల్లింగ్టన్‌కి మారితే వెంట వచ్చాను. అప్పటికే యాభై దాటాను. బ్యాంకు పనులకి అప్లై చేసి చేసి అలిసిపోయాక, ఊళ్ళో ఒక చిన్న వీడియోగేమ్ స్టూడియో వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. చేతికి కంట్రోలర్ ఇచ్చి ఆడమన్నారు. ఆడటం నాకేం వచ్చు? కాసేపటికే మూసి ఉన్న తలుపులోంచి దూరి మేడ వెనక ఎక్కడో పడ్డాను. కానీ ఏ మీట తర్వాత ఏ మీట నొక్కితే అలా పడ్డానో వరసగా చెప్పి, మళ్ళీ అలాగే పడి చూపించాను. ఉద్యోగం ఇచ్చేశారు. మా మరిది విజయవాడ నుంచి ఫోన్ చేసి, వదిన ఈ వయసులో ఆటలాడుకోడానికి ఆఫీసుకి వెళ్తోందట కదా అని మావారితో ఒకటే నవ్వు. నవ్వనీ. ఆయన చేసే పనిలో ఆయన్ని చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు ఎవరూ లేరు, నేను ఆడుతుంటే వెనక నిలబడి చూసే కుర్రకారు ఉండేవాళ్ళు.

ఆ స్టూడియోలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మా తెలుగు యానిమేటర్ అమ్మాయి మొదటి రోజే ఆంటీ అంది. ఇక్కడి మావోరీ వాళ్ళకీ, సమోవా వాళ్ళకీ పెద్దవాళ్ళని అలా పిలవడం అలవాటే కాబట్టి, వాళ్ళూ అందుకున్నారు. చివరికి మా ప్రొడ్యూసర్, ఆరడుగుల కివీ, అంటే ఈ దేశం మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాడేమో, ఆయన కూడా ఆంటీ అనేవాడు. ముందు కాస్త గుర్రుగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

ఈ కథంతా ఆ తెలుగు అమ్మాయిది, అందుకని తనెవరో చెప్పాలి. వరంగల్ పిల్ల. స్టూడెంట్ వీసా మీద హామిల్టన్ వచ్చి, రోటోటూనాలో ఒక ఫ్లాట్‌లో మరికొందరు ఆడపిల్లలతో సర్దుకుని యానిమేషన్ చదివింది. సీజన్‌లో టౌరంగా వెళ్ళి, కివీపళ్ళు పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లో కాళ్ళు వాచేలా నిలబడి పనిచేసేది. ఆ తర్వాత మా స్టూడియోలో ఉద్యోగం దొరికి, జాన్సన్‌విల్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక ఫ్లాట్‌లో దిగింది. పొద్దున రైలు ఒకటే, సాయంత్రం రైలు ఒకటే. ఆదివారం మా ఇంట్లో భోజనం. నా పప్పుచారు తిని, మంచిగనే ఉంది గని మా అమ్మ పచ్చిపులుసు ముందు ఏం పనికిరాదు ఆంటీ అనేది. అలా అన్న నోటితోనే మళ్ళీ వడ్డించుకునేది.

తన వీసా ఆ స్టూడియో పేరు మీద ఉంది. ఇక్కడే స్థిరపడిపోవడానికి అనుమతి, రెసిడెన్సీకి అప్లై చేసి ఎదురుచూస్తోంది. ఈలోపు ఉద్యోగం పోతే అప్లికేషన్ కూడా పోయినట్టే. మీలో ఎంతమందికి ఈ భయం తెలుసో నాకు తెలుసు కాబట్టి దాని గురించి ఇంకేం చెప్పను.

అలాంటి రోజుల్లో మా చిన్న స్టూడియోకి పెద్ద పని వచ్చింది. జపాన్‌లో ఏళ్ళ తరబడి పత్రికలో వచ్చిన ఒక మాంగా, అంటే బొమ్మల కథ. పుస్తకాలుగా దేశదేశాలూ తిరిగింది, యానిమే, అంటే కదిలే బొమ్మల సినిమా తీశారు, అదీ ఆడింది. ఇప్పుడు దాన్ని వీడియోగేమ్‌గా చేసే పని మాకు ఇచ్చారు. వార్త తెలిసిన రోజు మా యానిమేటర్ అమ్మాయి కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. స్కూల్లో ఉన్నప్పుడు స్నేహితురాలి ఫోన్‌లో అది చదివే తను బొమ్మలు గీయడం నేర్చుకుందట. తన దగ్గరున్న పుస్తకాలన్నీ సంచిలో వేసి తెచ్చి నా బల్ల మీద పెట్టి, చదవకుండ ఈ ఆట టెస్ట్ చేస్తే ఊకోను అని బెదిరించింది.

చదివాను. మొదటి పుస్తకం మనకి అలవాటైనట్టే ఎడమవైపు నుంచి తెరిచాను. ముందు పేజీల్లోనే తమ్ముడు చచ్చిపోయాడు, అక్క గుండెలు బాదుకుంది, ఇంకాస్త తిప్పితే వాడు నిక్షేపంగా చెట్టెక్కి కాయలు కోస్తున్నాడు. పోన్లే, ఆ పిల్ల కష్టం తొందరగా తీరింది అనుకున్నాను. రైల్లో పక్కన కూర్చున్న మా అమ్మాయి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. జపాన్ పుస్తకం కుడివైపు నుంచి చదవాలట. ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా అన్నాను.

కథ మాత్రం నన్ను పట్టేసింది. అదొక కొండల దేశం. అక్కడ అందరికీ పుట్టుకతోనే తల మీద రెండు కొమ్ములు. ఎవరైనా ద్రోహం చేస్తే రాజు వాళ్ళ ఎడమ కొమ్ము కోయిస్తాడు. ఎవరైనా ప్రాణం మీద మాట ఇవ్వాలంటే తమ కుడి కొమ్ము తామే కోసి ఇస్తారు. ఎడమ కొమ్ము లేనివాళ్ళకి ఎవరూ తలుపు తీయరు, కుడి కొమ్ము లేనివాళ్ళకి లేచి దారి ఇస్తారు. మన కథలో పిల్ల తమ్ముడు చచ్చిపోతే, వాణ్ణి వెనక్కి తెచ్చుకోడానికి చచ్చినవాళ్ళ దేశానికి బయల్దేరుతుంది. ఆ దేశం గుమ్మంలో తన కుడి కొమ్ము కోసి ఇచ్చి, వచ్చిన దారినే తిరిగి వెళ్తానని మాట ఇస్తుంది. చివరి పుస్తకమంతా తిరుగుప్రయాణం. తమ్ముణ్ణి వీపున మోసుకుంటూ ఇంటికి నడుస్తుంది. యానిమేలో ఆ భాగం వస్తుంటే మావారు సోఫాలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. ఏమిటంటే ఉల్లిపాయల ఘాటు అన్నారు. ఆ రోజు ఇంట్లో ఉల్లిపాయ తరగనేలేదు.

పని మొదలైంది. ఆటలో పిల్ల కుడివైపుకి నడుస్తూ పోతుంది, కొండలు దాటుతుంది, వాగులు గెంతుతుంది. ఒక్క అడుగు వేయడానికి ఎన్నో బొమ్మలు గీయాలి. అందుకని ఇలాంటి ఆటలు చేసేవాళ్ళకి ఒక పాత అలవాటు ఉంది. కుడివైపు తిరిగి ఉన్న బొమ్మలే గీస్తారు. మనిషి ఎడమవైపు తిరగాలంటే అదే బొమ్మని అద్దంలోలా తిరగేస్తారు. సగం పని మిగులుతుంది. మా స్టూడియోలో ఎప్పుడూ అలాగే చేసేవాళ్ళు, ఈ ఆటకీ అలాగే చేయమన్నారు, మా అమ్మాయి అలాగే చేసింది. ఇందులో తప్పు ఎక్కడుందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆఫీసులో అంతమందిమి రోజూ ఆ పిల్ల మొహమే చూస్తూ కూర్చున్నాం, ఒక్కరి నోటా ఆ మాట రాలేదు. గుమ్మం దాకా ఆమెకి రెండు కొమ్ములూ ఉంటాయి, ఎటు తిరిగినా తేడా తెలియదు. ఆ తర్వాత కూడా ఆమె ముందుకే, కుడివైపుకే పోతుంది. వెనక్కి తిరగాల్సిన పని తక్కువ, తిరిగినా ఒక అడుగో రెండడుగులో.

చివరి లెవెల్ అన్నిటికంటే ఆలస్యంగా నా దగ్గరికి వచ్చింది. తిరుగుప్రయాణం. తమ్ముణ్ణి వీపున వేసుకుని పిల్ల ఎడమవైపుకి నడవడం మొదలుపెట్టింది. నాకెందుకో చూడబుద్ధి కాలేదు. ఫోన్‌లో సెల్ఫీ తీసుకుంటే ఒక్కోసారి పమిట కుడి భుజం మీదకి వెళ్ళిపోతుంది చూడండి, మా అత్తగారైతే ఆ ఫోటో తీసేసేదాకా ఊరుకునేవారు కాదు, సరిగ్గా అలాంటి చిరాకు. ఆట ఆపి, తెర దగ్గరికి జరిగి చూశాను. పిల్ల నెత్తిన కుడి కొమ్ము చక్కగా ఉంది. ఎడమ కొమ్ము లేదు. మాట నిలబెట్టుకుని ఇంటికి వస్తున్న పిల్లని మేము దారి పొడుగునా ద్రోహిని చేసి నడిపిస్తున్నాం.

బగ్, అంటే తప్పు దొరికిందని చీటీ, రాసి పెట్టాను. టెస్టర్‌కి అంతకంటే పని లేదు, దొరికింది రాయడం, ఎలా దొరికిందో రాయడం. ఆ మధ్యాహ్నమే అది నా దగ్గరికి తిరిగొచ్చింది. సరిచేయం, అని ఒక్క ముక్క రాసి మూసేశారు. నేను లేచి ప్రొడ్యూసర్ గదికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడని అనుకోకండి. ఇంట్లో చెట్టుకి కాసిన ఫీజోవా పళ్ళు సంచుల కొద్దీ తెచ్చి ఆఫీసు వంటగదిలో పెట్టేవాడు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తనే కారులో ఇంటి దగ్గర దింపేవాడు. నేను చెప్పిందంతా విన్నాడు. ఒక కొమ్ము అతికించేస్తే సరిపోతుందేమో అన్నాడు. సరిపోదు, కొమ్ము మారితే జుట్టు మారాలి, శాలువా మారాలి, వీపు మీద తమ్ముడి తల వాలిన వైపు మారాలి, అన్నీ మొదటి నుంచి గీయాలి అన్నాను. అంత టైం లేదు ఆంటీ, జపాన్ వాళ్ళు ఆలస్యాన్ని ఒప్పుకోకపోతే ఈ స్టూడియోయే ఉండదు అన్నాడు. ఆడేవాళ్ళు కొమ్ములు లెక్కపెట్టుకుంటూ కూర్చోరులే అని కూడా అన్నాడు.

లెక్కపెడతారు. యానిమే వచ్చినప్పుడు ఒకే ఒక్క దృశ్యంలో, కళ్ళు మూసి తెరిచేంత సేపు, ఇలాగే కొమ్ము అటుదిటు అయింది. అభిమానులు ఎంత గోల చేశారంటే, వాళ్ళు ఆ ముక్క మళ్ళీ గీసి విడుదల చేయాల్సి వచ్చింది. అదీ చెప్పాను. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. నేను బగ్ మళ్ళీ తెరిచి వచ్చాను.

ఆ సాయంత్రం రైల్లో మా అమ్మాయి నా పక్కన కూర్చుంది కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. తన పనిలో తప్పు పట్టినందుకు అలిగిందనుకున్నాను. అలక కాదు, భయం. స్టేషన్ దగ్గరపడుతుండగా అవి తీసేసి చెప్పింది. కొమ్ము సంగతి తనకి కూడా తెలుసట. చివరి లెవెల్ గీస్తున్నప్పుడే కనపడిందట. ఎవరికీ చెప్పలేదు.

"ఆ బగ్ మూసెయ్యుండ్రి ఆంటీ," అంది. "నా రెసిడెన్సీ వచ్చేదాకన్న ఆగుండ్రి. ఇప్పుడు ఈ ప్రాజెక్ట్ ఆగితే ఫస్ట్ పోయేది నా ఉద్యోగమే. అది పోతే నేను వరంగల్ బస్ స్టాండ్ల దిగుడే."

పిల్ల చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కొమ్ము ఎటు ఉంటే ఏమిటి, బొమ్మ కొమ్ము కంటే బతుకు పెద్దది కాదా అని నాకూ అనిపించింది. కానీ నా ఉద్యోగమంతా ఒకే నియమం మీద నడిచింది, ఉన్నదాన్ని లేదని రాయకూడదు. నేను మూయనమ్మా, మూయాలంటే వాళ్ళనే మూసుకోమను అన్నాను. దాంతో తన మొహం మాడిపోయింది. మర్నాటి నుంచి రైల్లో వేరే పెట్టె ఎక్కడం మొదలుపెట్టింది. ఆ ఆదివారం భోజనానికి రాలేదు. పప్పుచారు మావారూ నేనూ సోమవారం కూడా తిన్నాం. నేను చేసింది తప్పు కాదని నాకు తెలుసు, అయినా తన కంచం తీసి లోపల పెట్టలేకపోయాను.

జపాన్ నుంచి ఆట చూడటానికి మనిషి వస్తున్నారని కబురొచ్చింది. ఇలాంటి పనుల్లో అది రివాజు. ఆ కథకి సంబంధించి బయట ఎవరు ఏం చేసినా, బొమ్మైనా, పాటైనా, ఆఖరికి టీకప్పు మీద వేసే ముద్రైనా, కథ వేసిన వాళ్ళ తరఫు మనిషి చూసి సరేనంటేనే బయటికి వెళ్ళాలి. వచ్చేది ఆ మాంగాకి మొదటి నుంచీ ఎడిటర్‌గా ఉన్న ఆవిడ. ప్రొడ్యూసర్ నన్ను పిలిచి, ఆవిడ ముందు ఆట నువ్వే ఆడాలి ఆంటీ అన్నాడు. స్టూడియోలో ఎక్కడా చావకుండా ఆడేది నేనొక్కదాన్నే మరి. ఈ మాట రాసుకోడానికి నాకేం సిగ్గు లేదు, మా మరిది కూడా చదవాలి. ఆ వెంటనే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. కొమ్ము కోసి ఇచ్చాక ఆ పిల్లని కుడివైపుకే నడిపించు, ఎడమవైపుకి తిప్పకు, చివరి లెవెల్ ముందు ఆపేయ్. నన్నెవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పను అన్నాను. అడగరులే అన్నాడు.

ఆవిడ వచ్చిన రోజు గాలి మామూలుగా లేదు. వెల్లింగ్టన్ గాలికి అలవాటు లేని మనిషి, జుట్టంతా చెదిరిపోయి లోపలికి వచ్చింది. పొట్టి మనిషి, బూడిదరంగు కోటు, వెంట ఒక దుబాసి. పెద్ద గదిలో తెర పెట్టారు. ప్రొడ్యూసరూ, స్టూడియో ఓనరూ ఆవిడకి చెరో పక్కన కూర్చున్నారు. నేను ముందు. యానిమేటర్లంతా వెనక గోడ దగ్గర నిలబడ్డారు. మా అమ్మాయి కూడా అక్కడే ఉంది. ఉదయం నుంచీ నా మొహం చూడలేదు.

ఆడాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. వాగులు గెంతించాను, మంచు కొండలు ఎక్కించాను, చచ్చినవాళ్ళ దేశం గుమ్మం దాకా పిల్లని చెక్కు చెదరకుండా తీసుకెళ్ళాను. గుమ్మంలో ఆమె కుడి కొమ్ము కోసి ఇచ్చే చోటు వచ్చింది. అది మా అమ్మాయి గీసిందే. కళ్ళు మూసుకుంటుంది కానీ కత్తి ఆగదు. ఎడిటర్ ఆవిడ కుర్చీలో ముందుకి జరిగి చూసింది. అక్కడి నుంచి నేను పిల్లని ఒక్కసారి కూడా ఎడమవైపుకి తిప్పలేదు. ఆట ఆపాక ఆవిడ ఏదో అంది. చాలా బాగుంది అంటున్నారని దుబాసి చెప్పాడు. తిరుగుప్రయాణం ఎప్పుడు చూడొచ్చు అని అడిగింది. ప్రొడ్యూసర్ గొంతు సవరించుకుని, ఇంకా మెరుగులు దిద్దుతున్నాం, తర్వాత వీడియో పంపిస్తాం అన్నాడు. ఆవిడ తలాడించింది. కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఓనర్ మొహంలో వెలుగు వచ్చింది. గండం గడిచింది, ఇక నేను కంట్రోలర్ కింద పెట్టేయడమే.

"తిప్పుండ్రి ఆంటీ."

తెలుగులో. వెనక గోడ దగ్గర నుంచి. గదిలో ఎవరికీ అర్థం కాలేదు, అందరూ అటు చూశారు. నేను తల తిప్పలేదు. తెర వైపే చూస్తూ, బాగా ఆలోచించుకున్నావా అని అడిగాను.

"ఆలోచించుకున్న," అంది. "తిప్పుండ్రి."

చివరి లెవెల్ తెరిచి, పిల్లని ఎడమవైపుకి తిప్పి నడిపించాను. తమ్ముణ్ణి మోసుకుంటూ, నెత్తిన ఎడమ కొమ్ము లేకుండా, అందరి ముందూ ద్రోహిలా నడిచింది. ప్రొడ్యూసర్ కళ్ళు మూసుకున్నాడు. ఎడిటర్ ఆవిడ పెట్టుకున్న బొత్తం వదిలేసి, లేచి తెర దగ్గరికి వచ్చి, ఆ కొమ్ము లేని చోట వేలు పెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, ఇది గీసింది ఎవరని అడిగింది.

మా అమ్మాయి ముందుకి వచ్చింది. మొహం పాలిపోయింది, గొంతు మాత్రం గట్టిగా ఉంది. తనే గీశానంది. ఒకవైపే గీసి ఎందుకు తిరగేస్తారో దాచకుండా చెప్పింది. టెస్టింగ్‌లో దొరికింది, ఆంటీ రాశారు, సరిచేయాలంటే తిరుగుప్రయాణమంతా మొదటి నుంచి గీయాలి, ఎన్నో వారాలు పడుతుంది అని కూడా చెప్పింది. ఓనర్ ఏదో అడ్డం రాబోతే ఎడిటర్ ఆవిడ చెయ్యి ఎత్తింది. ఆవిడ చెప్పింది దుబాసి ఒక్కో వాక్యం ఆగి ఆగి చెప్పాడు.

"యానిమేలో ఆ తప్పు నా కళ్ళ ముందు నుంచే వెళ్ళింది. సరేనని సంతకం పెట్టింది నేనే. ఆ మాంగా గీసిన ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది."

అంతే. సరేననలేదు, కాదనలేదు. మా అమ్మాయికి నడుం వంచి నమస్కారం పెట్టి, మళ్ళీ ఆ గాలిలోకి వెళ్ళిపోయింది. ఓనర్ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ సాయంత్రం మా అమ్మాయి నా పెట్టెలోనే ఎక్కింది. వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు ఆగలేదు. అంతా అయిపోయింది కదా, ఆవిడ లేచిపోతోంది కదా, ఇంకెందుకే నోరు తెరిచావు అని అడిగాను.

"ఇంటికొస్తుంది ఆంటీ ఆ పిల్ల," అంది. "తమ్ముణ్ణి ఎత్తుకొని ఇంటికొస్తుంది. ఇంటికొచ్చేటప్పుడు ద్రోహి లెక్క కనపడితే, నేనీ బొమ్మలెందుకు నేర్చుకున్నట్టు?"

నేను తన చెయ్యి పట్టుకున్నాను. సొంత కూతురు చేసి ఉంటే కూడా నేను అంత గర్వపడేదాన్ని కాదేమో. నాకు బగ్ రాయడానికి ధైర్యం అక్కర్లేదు, అది నా జీతం. మా అమ్మాయి తన బతుకు మొత్తం అక్కడ పెట్టి, ఎవరూ అడగకుండానే నోరు తెరిచింది.

తర్వాత రోజుల్లో ఎవరం సరిగ్గా పనిచేయలేదు. మెయిల్ తెరవాలంటే భయం. చివరికి జపాన్ నుంచి జవాబు వచ్చింది. ఆట అనుకున్న టైంకి విడుదల కాదు. తిరుగుప్రయాణం మొత్తం కొత్తగా గీయాలి, అద్దంలో తిరగేసిన బొమ్మ ఒక్కటి కూడా ఉండకూడదు, గీసేది ఆ అమ్మాయే అయి ఉండాలి. అలా గీసేదాకా ఆగుతాం అన్నారు. ప్రొడ్యూసర్ ఆ మెయిల్ పైకి చదివి, ఇంత దూరం తెచ్చినందుకు తిట్టాలో దండం పెట్టాలో తెలియడం లేదు ఆంటీ అన్నాడు. రెండూ చేయమన్నాను.

ఓనర్ మాత్రం ఊరుకోలేదు. ఆలస్యం అయినప్పుడు ఎక్కడో ఒకచోట కోత పడాలి కదా. కోత ఎప్పుడూ టెస్టర్ల దగ్గరే మొదలవుతుంది, ఇది మీరు ఎక్కడ పనిచేసినా చూస్తారు. చివరి బిల్డ్ దాకా, అంటే ఆట పూర్తిగా తయారయ్యేదాకా ఉండండి, ఆ తర్వాత అక్కర్లేదన్నాడు. నాకు ఎలాగూ రిటైరయ్యే వయసు దగ్గరపడింది. మావారు ఆ రాత్రి భోంచేస్తూ, తప్పు పట్టినందుకు నీ ఉద్యోగం పోయిందన్నమాట అన్నారు. పట్టకుండా ఉంటే నేను అక్కడ ఉండి ఏం లాభం అన్నాను. కోపం రాలేదా అంటే వచ్చింది. గిన్నెలు కాస్త గట్టిగానే తోమాను.

మా అమ్మాయి గీస్తూనే ఉంది. తను లేనిదే తిరుగుప్రయాణం లేదు కాబట్టి తన ఉద్యోగాన్ని ఎవరూ ముట్టుకోలేకపోయారు. ఆ మధ్యలోనే ఒక రోజు రెసిడెన్సీ వచ్చింది. ఆఫీసు వంటగదిలో ఫీజోవా చెంచాతో గీరుకుని తింటూ, వచ్చింది ఆంటీ అని చెప్పి, అమ్మకి ఫోన్ చేసి, మళ్ళీ వెళ్ళి బొమ్మ ముందు కూర్చుంది. నేనే అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఈసారి కూడా ఉల్లిపాయలు లేవు.

చివరి బిల్డ్ వచ్చిన రోజే నా ఆఖరి రోజు. తిరుగుప్రయాణం మొదటి నుంచి చివరిదాకా ఆడి, సరేనని రాయాలి. మా అమ్మాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ప్రొడ్యూసర్ టీ పట్టుకుని వెనక నిలబడ్డాడు. పిల్ల ఎడమవైపుకి నడవడం మొదలుపెట్టింది. ఎడమ కొమ్ము చక్కగా నిలబడి ఉంది, కుడివైపు కోసిన మొదలు జుట్టు వెనక దాగి, గాలి వీచినప్పుడు మాత్రం కనిపిస్తోంది. తమ్ముడి తల అటు భుజం మీదకి వాలింది. పిల్ల నడక కూడా మారిపోయింది. వెళ్ళేటప్పటి నడక కాదు, బరువు మోస్తున్న నడక. దారిలో ఒక్కో ఊరివాళ్ళు లేచి పక్కకి జరిగి దారి ఇస్తున్నారు. నేను అలవాటు కొద్దీ ప్రతి గోడనీ తడిమాను, ప్రతి రాయి మీద నుంచీ గెంతించాను, తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. పిల్ల ఇంటి ముందుకి వచ్చి, వాకిట్లో తమ్ముణ్ణి దించింది. వాడు తన కాళ్ళ మీద నిలబడ్డాడు.

కంట్రోలర్ కింద పెట్టాను. మా అమ్మాయి నా మొహంలోకి చూస్తోంది.

"ఎట్లుంది ఆంటీ?"

మీకొక సంగతి చెప్పాలి. టెస్టర్ అన్నవాళ్ళు బాగుంది అనరు. ఏం దొరికిందో చెప్తాం, ఏమీ దొరక్కపోతే తప్పేమీ దొరకలేదు అంటాం. బాగుందో లేదో చెప్పడం మా పని కాదు, బ్యాంకు అయినా, ఆట అయినా. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నేను ఆ మాట ఒక్కసారి కూడా, ఎవరితోనూ అనలేదు.

బాగుందమ్మా అన్నాను.

రెసిడెన్సీ వచ్చిన రోజు ఏడవని పిల్ల, అంతమంది ముందు, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.